వేలం ముగిశాక మిగిలే పది రోజులు

అందరికీ నమస్కారం.

మన న్యూజెర్సీలోని ఎడిసన్, ఇసెలిన్ ప్రాంతాల్లో ఉద్యోగం పోయిందని నలుగురిలో చెప్పుకోవడమే కష్టం. ఇంటి లోన్ కట్టలేక ఇల్లు షెరిఫ్ సేల్‌కి, అంటే కోర్టు తీర్పు మీద కౌంటీ అధికారి షెరిఫ్ వేసే వేలానికి, వచ్చిందని చెప్పుకోవడం ఇంకా కష్టం. ఫోన్ ఎత్తం, ఉత్తరాలు విప్పం, దగ్గరి బంధువులకు కూడా చెప్పం. చట్టం ఇచ్చిన గడువు ఆ మౌనంలోనే కరిగిపోతుంది. అందుకే ఈ విషయం ఇంతమంది ముందు మాట్లాడాలనుకున్నాను.

న్యూజెర్సీలో బ్యాంకు తనంతట తాను మీ ఇల్లు అమ్మేయడానికి వీల్లేదు. దావా వేసే ముందు కనీసం 30 రోజుల నోటీసు ఇవ్వాలి. తర్వాత కోర్టు తీర్పు రావాలి. ఆ తీర్పు మీద కౌంటీ షెరిఫ్ వేలం వేస్తారు. తుది తీర్పు వచ్చేలోగా అయితే తప్పిన వాయిదాలు, వాటి మీద పడిన ఖర్చులు కడితే చాలు, లోన్ మళ్లీ మామూలుగా నడుస్తుంది. తీర్పు వచ్చాక ఇల్లు విడిపించుకోవాలంటే మొత్తం అప్పు తీర్చాలి.

సరే, వేలం అయిపోయింది, ఎవరో పాడుకున్నారు. ఇల్లు పోయినట్టేనా? ఇంకా పోలేదు. వేలం మీద అభ్యంతరం చెప్పడానికి ఇక్కడి కోర్టు నిబంధనలు 10 రోజులు ఇస్తాయి. ఆ పది రోజుల్లో యజమాని బాకీ తీర్చి ఇల్లు విడిపించుకోవచ్చని 1970లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరైనా అభ్యంతరం వేసి ఉంటే, కోర్టు ఆ వేలాన్ని ఖాయం చేసేదాకా ఆ హక్కు ఉంటుంది. కట్టాల్సింది వేలంలో పలికిన ధర కాదు. తీర్పులో తేలిన మొత్తం, దాని మీద వడ్డీ, ఖర్చులు.

ఊళ్లో కోర్టు వేలాలు చూసిన పెద్దవాళ్లు 'అరవై రోజులు ఉంటాయిగా' అంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే, కానీ అది ఇండియా సంగతి. అక్కడ సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డర్, 89వ రూలు కింద వేలం జరిగిన 60 రోజుల్లోగా వేలం ప్రకటనలో చూపిన బాకీతో పాటు, పాడుకున్న వ్యక్తికి వేలం ధరలో 5 శాతం కోర్టులో కట్టి అమ్మకం రద్దు చేయించుకోవచ్చు. మిషిగన్‌లో ఉన్న తమ్ముడు ఆరు నెలలు అంటాడు, అదీ అక్కడ చాలా ఇళ్లకు నిజమే. నది దాటి పెన్సిల్వేనియాకు వెళ్తే, మార్ట్‌గేజ్ కేసులో వేలం తర్వాత ఇలాంటి గడువే లేదు. కాబట్టి దయచేసి ఇంకో రాష్ట్రం లెక్కను మీ ఇంటికి వేసుకోకండి.

పది రోజుల్లో నాలుగైదు లక్షల డాలర్లు ఎవరు తేగలరు? ఈ గడువు చాలా చిన్నదని నా అభిప్రాయం. చేతిలో డబ్బున్నవాళ్లకే ఇది పనికొస్తుంది. హైదరాబాద్‌లో ప్లాటు అమ్మి కట్టేస్తామంటారు. కొనేవాళ్లు దొరకాలి, రిజిస్ట్రేషన్ కావాలి, టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పోవాలి, సీఏ సర్టిఫికెట్ తీసుకోవాలి, అప్పుడు గానీ ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాస భారతీయులకు ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) నుంచి డబ్బు ఇటు కదలదు. ప్లాటు అమ్మాలనుకుంటే దావా కాగితాలు చేతికొచ్చిన రోజే మొదలుపెట్టండి.

వేలానికి ముందు చేతిలో ఉన్నవి ఇంతకంటే బలమైనవి. యజమానిగా మీరు అడిగితే షెరిఫ్ రెండుసార్లు వేలం వాయిదా వేయవచ్చు, ఒక్కోసారి 30 రోజుల దాకా. కోర్టు వారి మధ్యవర్తిత్వ కార్యక్రమం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న హౌసింగ్ కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు. ఆదాయం తక్కువగా ఉంటే లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీని అడగండి. ఇక దివాలా చట్టంలో చాప్టర్ 13 ఉంది. 'దివాలా' అన్న మాట వినగానే మనవాళ్లు బెదిరిపోతారు. కానీ స్థిరమైన ఆదాయం ఉండి, వేలం పాట ముగియకముందే ఆ పిటిషన్ వేస్తే, తప్పిన వాయిదాలను మూడు నుంచి ఐదేళ్లలో కొంచెం కొంచెంగా కట్టుకునే వీలుంది. పాట ముగిశాక ఆ వీలు ఉండదు. అందుకే లాయర్ దగ్గరికి వేలం ముందు వెళ్లాలి. అయిపోయాక వెళ్తే ఆయన చేయగలిగేది చాలా తక్కువ.

ఇల్లు దక్కకపోయినా ఒక పని మిగిలే ఉంటుంది. ఉదాహరణకు తీర్పు 4,20,000 డాలర్లు, వేలంలో 5,10,000 పలికింది అనుకోండి. ఖర్చులు, రెండో లోన్ లాంటి ఇతర బాకీలు పోగా మిగిలిన సొమ్ము యజమానిది. అది కోర్టులో జమ అవుతుంది, కానీ దానంతటది మీ ఖాతాలోకి రాదు. మీరే కోర్టులో మోషన్ (దరఖాస్తు) వేసి అడగాలి. ఇల్లు ఖాళీ చేసి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయిన కుటుంబానికి ఈ సంగతి తెలియకపోతే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది. అలాంటి సమయంలోనే ఎవరో ఫోన్ చేసి, మీకు రావాల్సిన డబ్బు ఇప్పిస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి అంటారు. లాయర్‌కి చూపించకుండా దేని మీదా సంతకం పెట్టకండి. ముఖ్యంగా డీడ్ (ఇంటి యాజమాన్య పత్రం) మీద.

ఇక మీ ప్రశ్నలు అడగండి. అందరి ముందు అడగడం ఇబ్బందిగా ఉంటే కాగితం మీద రాసి ఇవ్వండి, పేరు రాయక్కర్లేదు.