చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే: తిరుపతి, చిత్తూరులో ఎక్కడికి వెళ్లాలి, ఏమని చెప్పాలి

[స్క్రీన్ మీద: 14416, 108, 112]

ఇప్పుడే, ఈ గంటలోనే ప్రాణం తీసుకోవాలనిపిస్తుంటే వీడియో ఇక్కడే ఆపేయండి. ఇంట్లోవాళ్లు, రూమ్మేటు, హాస్టల్ వార్డెను, పక్కింటివాళ్లు, ఎవరు దగ్గరుంటే వాళ్ల దగ్గరికి వెళ్లి "నన్ను ఒంటరిగా వదలొద్దు" అనండి. 108కో 112కో ఫోన్ చేయమనండి. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే, ఒంట్లో బాగానే ఉన్నట్టు అనిపించినా సరే, వెంటనే క్యాజువాల్టీకి వెళ్లాల్సిందే.

ఆలోచనలు వస్తూ పోతూ ఉన్నాయి, ఈ క్షణానికి ప్రమాదం లేదు అనుకునేవాళ్ల కోసం మిగతా వీడియో.

ముందు ఫోను సంగతి. 14416 అంటే టెలీ మానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ పనిచేస్తుంది. లైను కలవగానే రికార్డు గొంతు భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఎంచుకోండి. తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరాన్ని బట్టి సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో కలుపుతారు, ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతారు. 14416 కలవకపోతే 1800 891 4416కి చేయండి. రికార్డు గొంతు వినగానే ఫోన్ పెట్టేయాలనిపిస్తుంది, కాస్త ఓపిక పట్టండి. ఏడుపొస్తే ఏడవండి, వాళ్లు ఆగుతారు. "చచ్చిపోవాలనిపిస్తోంది" అన్న ఒక్క ముక్క చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు.

ఇక ఆసుపత్రి. తిరుపతిలో రుయా, ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి. సైకియాట్రీ, అంటే మానసిక వైద్య విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించే కౌంటర్లో "సైకియాట్రీకి" అని చెబితే చాలు, అక్కడ కారణం వివరించాల్సిన పని లేదు. చిత్తూరు వాళ్లు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఏ రోజుల్లో చూస్తారో కనుక్కుని బయల్దేరండి. చిత్తూరుకు వేలూరు దగ్గర కాబట్టి అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రికి వెళ్లేవాళ్లూ ఉంటారు. అయితే దాని మానసిక వైద్య కేంద్రం బాగాయంలో ఉంది. ఊరి మధ్యలోని పాత ఆసుపత్రి దగ్గర దిగి తిరక్కండి.

ఆసుపత్రి దాకా వెళ్లీ సాయం అందకుండా తిరిగొచ్చేవాళ్లున్నారు. ఎందుకో చెబుతాం. "ఏమమ్మా, ఏం ఇబ్బంది?" అని డాక్టర్ అడుగుతారు. వెనక జనం నిలబడి ఉంటారు, పక్కనే అన్నో మామగారో ఉంటారు. నోటికొచ్చేది "నిద్ర పట్టట్లేదు సార్". లేదంటే తలనొప్పి, గ్యాసు, నీరసం. డాక్టర్ విన్నదానికే మందు రాస్తారు. చెప్పాల్సిన మాట కడుపులోనే ఉండిపోతుంది. అందుకే ముందురోజు రాత్రే కాగితం మీద రాసిపెట్టుకోండి. నోరు పెగలకపోతే ఆ కాగితం చేతికిచ్చేయండి.

[స్క్రీన్ మీద నమూనా చేతిరాత కాగితం]

"చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయి. నెలన్నర నుంచి. ముందు వారానికోసారి, ఇప్పుడు దాదాపు రోజూ, రాత్రిళ్లు ఎక్కువ. ఎలా అని కూడా ఆలోచించాను. రెండేళ్ల కిందట ఒకసారి ప్రయత్నించాను. వారానికి మూడుసార్లు తాగుతాను. థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. నాతో ఒంటరిగా మాట్లాడండి."

ఇందులో ఒక్క వరుస కూడా వదలొద్దు. ఎలా అన్న ఆలోచన దాకా వెళ్లారా, ఇంతకుముందు ప్రయత్నించారా, తాగుడుందా అన్న మూడూ తెలిస్తేనే ఇంటికి పంపొచ్చా, అడ్మిట్ చేయాలా అని డాక్టర్ తేల్చుకోగలరు. సిగ్గుపడి దాచిన వరుసే చాలాసార్లు అన్నిటికంటే ముఖ్యమైనది అవుతుంది.

పోలీసు కేసవుతుందేమోనన్న భయం ఒకటి జనంలో బాగా ఉంది. ఆలోచనలు వస్తున్నాయని డాక్టరుకు చెప్పడం ఏ చట్టంలోనూ నేరం కాదు. ప్రయత్నించినవాళ్లను సైతం తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అంటోంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309వ సెక్షన్‌ను 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పెట్టలేదు. మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలని కూడా 2017 చట్టంలోనే ఉంది. ప్రాణానికి ముప్పుందనుకుంటే మాత్రం మీ మనిషి ఒకరికి చెబుతారు. ఎవరికి చెప్పాలో మీరే ముందు చెప్పొచ్చు.

ఎవరు ఏం చేస్తారో కూడా తెలిసి ఉండాలి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, డీఎన్‌బీ, డీపీఎం లాంటివి చదివిన డాక్టర్. మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు, థెరపీ చేస్తారు. వాళ్లకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగండి, అడగడం మర్యాద తక్కువేం కాదు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లందరికీ అలాంటి రిజిస్ట్రేషన్ ఉండదు. "ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లను చూస్తారా? రాత్రి కష్టమైతే ఎవరికి చెయ్యాలి?" అని మొదటి రోజే అడగండి. తడబడితే వేరొకరిని వెతుక్కోండి. థెరపీ సాధారణంగా వారానికోసారి, ముప్పావుగంట. ఒక్క రోజులో తేలదు, నెలల పని.

మందుల దగ్గర పని చెడేది మొదటి వారాల్లో. డిప్రెషన్ మందులు పట్టడానికి 2 నుంచి 4 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోపు వికారం, కంగారు ముందే వస్తాయి. "పనిచేయట్లేదు" అని ఆపేస్తారు. డాక్టర్ని అడగకుండా ఆపొద్దు. పాతికేళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో ఆలోచనలు పెరగొచ్చు. పెరిగితే అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా వెంటనే చెప్పండి. మాత్రలు ఒకేసారి నెలకు కాకుండా వారానికి సరిపడా రాయమనండి, ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచండి.

ఇంట్లోవాళ్లకు రెండు మాటలు. అనుమానం వస్తే సూటిగా అడగండి: "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. "అవును" అంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, పక్కన కూర్చోండి. పొలం మందులు, మాత్రలు, ప్రమాదకరమైనవి ఏవున్నా ఈ రోజే ఇల్లు దాటించి బంధువుల దగ్గర పెట్టండి. ఆ తీవ్రత చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. కొండకు మొక్కుకోండి, తాయెత్తు కట్టించండి, కాదనం. ఆ పేరుతో ఆసుపత్రి రోజును మాత్రం వాయిదా వేయకండి.

ఒకవేళ అడ్మిట్ అయితే, డిశ్చార్జ్ తర్వాతి మొదటి వారాలు చాలా జాగ్రత్తగా ఉండాల్సినవి. ఇంటికొచ్చేశాం, గండం గడిచిందని అందరూ పనుల్లో పడేది అప్పుడే. వార్డు వదిలేముందే మళ్లీ రావాల్సిన తేదీ చీటీ మీద రాయించుకోండి. వీలైతే వారం లోపలే ఇవ్వమనండి. ఆ రోజు తోడు వచ్చేదెవరో కూడా అక్కడే తేల్చుకుని, వాళ్ల ఫోన్ నంబరు అదే చీటీ వెనక రాయండి.

[స్క్రీన్ మీద: 14416, తెలుగులో, 24 గంటలూ]