వెంకన్న మా అల్లుడు అంటారు కడప ముస్లింలు

అందరికీ నమస్కారం. ఉగాది వచ్చిందంటే చాలు, "కడపలో వింత! వెంకన్న గుడిలో ముస్లింలు!" అంటూ ఫోన్ నిండా వీడియోలు. చూసిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. కడపలో వెంకన్న గుడి ఉన్న దేవుని కడపలో అది తరతరాలుగా సాగుతున్న చుట్టాల రాకపోక. చుట్టాలు రావడంలో వింతేముంది?

బీబీ నాంచారి కథ మీకు తెలిసిందే, స్వామిని పెళ్లాడిన ముస్లిం పిల్ల కథ. శ్రీరంగంలో, కర్ణాటకలోని మేల్కోటేలో కూడా ఎవరి పద్ధతిలో వాళ్లు చెప్పుకుంటారు. మా కడపలో ఆ కథకు వరుస కూడా కలిపేశారు. పిల్ల మా ఇంటిది, కాబట్టి వెంకటేశ్వరుడు మాకు అల్లుడు అంటారు ఇక్కడి ముస్లింలు. ఏడాది మొదటి రోజున అల్లుడి ఇంటికి ఒట్టి చేతులతో ఎవరైనా వెళ్తారా? అందుకే ఉగాది పొద్దున బుర్ఖాలు వేసుకున్న అమ్మలు, బిడ్డను చంకనేసుకున్న నాయనలు టెంకాయలు, పూలు పట్టుకుని క్యూలో నిలబడతారు.

కలిసుండటమంటే అందరూ ఒకేలా మారిపోవాలి అనుకునేవాళ్లు ఈ వియ్యాన్ని కాస్త గమనించండి. పిల్లనిచ్చినంత మాత్రాన రెండిళ్లూ ఒక్కటైపోవు. పొయ్యి వేరు, ఇంటి ఆచారం వేరు. గుడికి వచ్చినావిడ మధ్యాహ్నం ఇంటికెళ్లి నమాజు చేసుకుంటుంది. ఒకదానికి ఒకటి అడ్డం రాదు. వియ్యాలవారన్నాక మాట పట్టింపులూ ఉంటాయి. కడపలో ఏనాడూ గొడవల్లేవని నేను చెప్పను. కానీ మాటామాటా అనుకున్న వియ్యంకుడు కూడా పండక్కి కబురు రాకపోతే అలుగుతాడు. బయటివాడైతే అలగడు కదా!

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉగాది నాడు పక్కన నిలబడి తీర్థం పుచ్చుకున్న మనిషే మర్నాడు అద్దె ఇల్లు అడిగితే, పేరు వినగానే "ఖాళీ లేదమ్మా" అనడం ఏం చుట్టరికం? మతసామరస్యం గురించి ఎంతసేపైనా మాట్లాడతాం. టులెట్ బోర్డు దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలదు. అది నాకు నిజంగా బాధ.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. కడప పెద్ద దర్గాకు సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహ్మాన్ వస్తే వార్త అవుతుంది. మొక్కు తీర్చుకోవడానికి అక్కడికి వచ్చే హిందూ కుటుంబాల గురించి ఎవరూ రాయరు. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో మొహర్రం నాడు, అంటే పీర్ల పండుగకి, కుళ్లాయిస్వామి అనే పీరు ముందు అగ్నిగుండం తొక్కేవాళ్లలో హిందువులూ ఉంటారు. కుళ్లాయప్ప, మస్తానయ్య, దస్తగిరి అనే పేర్లు మన హిందువుల ఇళ్లలోనూ వినిపించేది ఈ మొక్కుల వల్లే. ముస్లింల హిజ్రీ క్యాలెండర్ లెక్కలో అధిక మాసం ఉండదు కాబట్టి పీర్ల పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. అందుకే కొన్నేళ్లు ఎండల్లో, కొన్నేళ్లు వానల్లో వస్తుంది. ఎప్పుడొచ్చినా మొక్కున్నవాళ్లు చక్కెర చదివించి వస్తారు.

దూది ఏకడం కులవృత్తిగా ఉన్న ముస్లింలు, దూదేకుల వాళ్ల గురించి చెప్పాలంటే ఇంకో వీడియోనే కావాలి, తప్పకుండా చేస్తాను. ఈలోపు మీ ఊళ్లో పీరు ఎవరు ఎత్తుతారు, గుండానికి కట్టెలు ఎవరిస్తారు, పాతెహా (పీరు ముందు చదివే ప్రార్థన) ఎవరు చదువుతారు, పెద్దవాళ్లను అడిగి ఊరి పేరుతో సహా కింద రాయండి.