అద్దె ఎవరు కడుతున్నారు?

శ్రోతలందరికీ నమస్కారం. ఇన్నేళ్లుగా చదివిన పుస్తకాల గురించి ఓ పావుగంట మాట్లాడమన్నారు. నేను విమర్శకురాలిని కాదు, సాహిత్యం చదువుకున్నదాన్ని కూడా కాదు. ఓ సహకార బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనక కూర్చుని, నోట్లు లెక్కపెట్టి రిటైరైన మనిషిని. కాబట్టి శిల్పం, శైలి అని అడిగితే చేతులెత్తేస్తాను. కానీ కథల పుస్తకం ఏది చేతికొచ్చినా నాకో అలవాటుంది, దాని గురించి మాత్రం చెప్పగలను. నాలుగు పేజీలు తిరిగేసరికి నా బుర్ర ఒకటే అడుగుతుంది, ఈ ఇంట్లో అద్దె ఎవరు కడుతున్నారు?

నవ్వకండి. మావారు ఇప్పటికే చాలా నవ్వారు. "నవల చదువుతున్నావా, ఆడిట్ చేస్తున్నావా?" అంటారు. రెండూ చేస్తున్నానండీ, తప్పేముంది!

మా చిన్నప్పుడు ఇంటికి వారపత్రిక వచ్చేది. సీరియల్ కోసం అమ్మా, పిన్నీ, నేనూ వంతులు వేసుకునేవాళ్లం. ఆ సీరియళ్లలో హీరో పొడుగాటి కారులోంచి దిగేవాడు, ఎస్టేటు ఉండేది, పిలిస్తే పలికే నౌకర్లుండేవాళ్లు, కానీ ఆ మహానుభావుడు ఒక్కరోజైనా ఆఫీసుకెళ్లి ఓ కాగితం మీద సంతకం పెట్టగా నేను చూడలేదు. ఆ ఎస్టేటులో ఏం పండుతుందో, దానికి శిస్తు ఎంతో, ఏ రచయిత్రీ చెప్పలేదు. హీరోయిన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క పైసలతో సహా ఉండేది. తండ్రి మందులు, తమ్ముడి ఫీజు, చెల్లెలి పెళ్లి, వీటన్నిటికీ ఆ పిల్ల టైపిస్టు జీతం. ఆ సీరియళ్లని వెక్కిరించేవాళ్లని చూస్తే నాకిప్పటికీ కోపం వస్తుంది. హీరో మాట అలా ఉంచండి, నెలాఖరులో ఇల్లెలా గడుస్తుందో ఆ ఆడపిల్లకి తెలుసు. చదివే మా అమ్మకీ తెలుసు.

సరే, నాకు బాగా ఇష్టమైన పుస్తకం, గురజాడ అప్పారావు గారి నాటకం దగ్గరికి వస్తాను. ఉన్న టైమంతా దానికే పోయేలా ఉంది, పోనీండి. కన్యాశుల్కం.

కన్యాశుల్కం గురించి ఇంక చెప్పడానికేముంది అంటారా? గిరీశం మాటలు మీకూ నోటికొచ్చు, నాకూ నోటికొచ్చు. మాది విజయనగరం పక్కన ఊరు కాబట్టి మాకు మరీ ఎక్కువ. కానీ ఒక్కసారి మాటలు పక్కన పెట్టి డబ్బు మాత్రం చూడండి. ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్తోందో అదొక్కటే చూడండి. నాటకం వేరేగా కనిపిస్తుంది.

తెర లేవగానే విజయనగరంలో బొంకుల దిబ్బ, గిరీశం. ఆయన ముందుగా చెప్పుకునేది దేశోద్ధారణ సంగతి కాదు, బాకీ సంగతి. సంతలో సామాన్లు కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి, మధురవాణి అనే వేశ్య మీద ఖర్చు పెట్టేశాడు. ఇరవై రూపాయలు! మహానాటకమంతా ఆ ఇరవై రూపాయల భయంతో మొదలవుతుంది. అంతలో ఫోటోలు తీసిన పంతులుగారి నౌకరు బాకీ అడగడానికొస్తాడు. ఇంక ఊళ్లో ఉంటే లాభం లేదు, అందుకే శిష్యుడు వెంకటేశాన్ని వెంటబెట్టుకుని, సెలవుల్లో చదువు చెప్పే నెపంతో కృష్ణరాయపురం అగ్రహారం బయల్దేరతాడు. అక్కడ తిండీ, బసా రెండూ ఉచితం. బ్యాంకులో ఇలాంటివాళ్లని చాలామందిని చూశాం లెండి. బాకీ ఉన్న వీధి వదిలేసి పక్క వీధి నుంచి నడిచి వెళ్తారు. నమస్కారం మాత్రం అందరికంటే వాళ్లే బాగా పెడతారు.

ఆ అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు. ఈయనకి దావాల పిచ్చి. కోర్టు ఖర్చులకి డబ్బు కావాలి. పెద్దకూతురు బుచ్చమ్మని అలాగే ముసలివాడికి కట్టబెడితే ఆ పిల్ల విధవరాలై ఇంట్లో ఉంది. అయినా సరే చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి పద్ధెనిమిది వందలకి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. తల్లి నూతిలో దూకేంత పని చేస్తుంది, ఆయన మనసు కదలదు. ఎందుకు కదలాలి, ఆయన లెక్కలో పిల్ల ఓ వసూలు కావాల్సిన మొత్తం.

ఇక్కడ మేనమామ కరటకశాస్త్రి రంగంలోకి దిగుతాడు. తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, అదే లుబ్ధావధాన్లకి అంతకంటే చవగ్గా, పన్నెండు వందలకి అంటగడతాడు. అగ్నిహోత్రావధాన్లు పెద్ద పటాలంతో పెళ్లికి దిగుతాడు, ఆ ఖర్చంతా నీ నెత్తినే అని ఇంకో పక్క బెదరగొడతారు. చూడండి, ముసలాయన్ని మార్చింది ధర్మం కాదు, సంఘసంస్కరణ ఉపన్యాసం కాదు. ఆరు వందల రూపాయల తేడా! గురజాడ గారు ఎంత గట్టి మనిషో నాకు అక్కడ అర్థమైంది. లుబ్ధావధాన్ల చేత ఒక్కనాటికి కూడా "అయ్యో, పసిపిల్ల కదా" అనిపించడు. బేరం చవగ్గా వచ్చిందని సంతోషపడనిస్తాడు, అంతే.

మధ్యలో రామప్పంతులు. ఈయన ఉద్యోగమే మధ్యవర్తిత్వం, ఏ బేరం జరిగినా తన వాటా తనకి. మధురవాణి అప్పటికి ఆయన పోషణలో ఉంది. పెళ్లికూతురికి నగ కావాలంటే పంతులు మధురవాణి మెడలో వేసుకునే కంటె అరువు తీసుకెళ్తాడు. నాటకంలో నాకు ప్రాణం ఆ కంటె. మీరు మళ్లీ చదివితే ఆ కంటె వెంట వెళ్లండి, ఇంకేం చూడకపోయినా పర్లేదు. పెళ్లవుతుంది, పెళ్లికూతురు వేషం తీసేసి మాయమవుతుంది, కంటె ఏమైందో తెలియదు. మధురవాణి తలుపు వేసేసి, కంటె తెస్తే గానీ గుమ్మం తొక్కొద్దంటుంది. ఊరందరినీ నోటితో ఆడించే రామప్పంతులు వీధిలో నిలబడతాడు! ఇచ్చినదానికి లెక్క అడిగే మనిషి ఆ నాటకంలో ఆవిడొక్కతే. మిగతావాళ్లందరూ పెద్దమనుషులే, శాస్త్రాలు తెలిసినవాళ్లే, ఇంగ్లీషు తెలిసినవాళ్లే, కానీ ఒక్కడి ఖాతా సరిగ్గా ఉండదు.

చివర్లో ఆవిడే వకీలు సౌజన్యారావు పంతులుగారి దగ్గరికి మగవేషంలో వెళ్తుంది. మాయమైన పెళ్లికూతుర్ని చంపేశాడని లుబ్ధావధాన్ల మీద కేసు పడింది, అందులోంచి ఆయన బయటపడే కిటుకు ఆవిడ దగ్గరుంది. దానికి ఎంత అడగొచ్చు చెప్పండి? ఒక్క ముద్దు అడుగుతుంది. చివరికి అదీ తీసుకోదు, చెడనివాళ్లని చెడగొట్టొద్దని మా అమ్మ చెప్పింది అంటుంది. ఇన్ని వందలు చేతులు మారిన నాటకంలో ఆవిడకి దక్కింది ఓ భగవద్గీత పుస్తకం. నాకైతే అక్కడ ప్రతిసారీ కొంచెం కోపం కూడా వస్తుంది, అంత పని చేసిపెట్టినందుకు పుస్తకమా అని. పంతులుగారి అభిమానులు క్షమించాలి.

ఇంకొక్క మాట చెప్పి దీన్ని వదిలేస్తాను. ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. ఆ మొదటి ముద్రణకి గురజాడ గారు ఇంగ్లీషులో ఓ ముందుమాట రాశారు. అందులో ఓ లెక్క ఉంది. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా రాయించారట. మొత్తం 1034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది వయసున్న పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురి వెల, ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. నేను రోజంతా అంకెలు రాసిన మనిషిని, అంకెలు చూసి కన్నీళ్లు పెట్టుకునే రకం కాదు. ఆ పేజీ దగ్గర మాత్రం పుస్తకం మూసేసి కాసేపు వరండాలో తిరిగాను. తర్వాత మళ్లీ మొదటి నుంచి చదివితే గిరీశం జోకులు అంత సులువుగా నవ్వించలేదు. నవ్వొచ్చింది, రాలేదని కాదు.

అద్దె అన్నాను కదా, అద్దె సంగతి నాకు బాగా పట్టించిన నవల ఇంకోటుంది, డాక్టర్ పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు. తెలుగు స్వతంత్రలో 1957, 58లో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ డాక్టరు, 1961లోనే పోయారు, చిన్న వయసు. విశాఖపట్నంలో ఓ ఇల్లు, అందులో ఇందిర, బాధ్యత తెలియని తండ్రి. ఉద్యోగం చేసి ఇల్లు నడిపేది కూతురు. మేడ మీద గదిలో ప్రకాశం, మెడిసిన్ చదువుతున్న కుర్రాడు, మేనమామ మాట దాటలేడు. ఇందిర స్నేహితురాలు కల్యాణి. ఇందిర మంచిదా చెడ్డదా అని ఎప్పటినుంచో వాదులాడుకుంటూనే ఉన్నారు. ఆ పిల్ల స్వార్థపరురాలు, కల్యాణిని బాధపెట్టింది, మగపిల్లలతో ఆటలాడింది, అన్నీ నిజమే. అయితే ఆ ఇంట్లో జీతం తెచ్చేది ఎవరు? ఆఫీసు నుంచి వచ్చాక, రేపటికి బియ్యం ఉన్నాయో లేదో చూసుకోవాల్సింది ఎవరు? ప్రకాశం మంచివాడే, కానీ ఇంటి నుంచి వచ్చే డబ్బు మీద మంచితనం సులువు. మేనమామ వచ్చి నిలబడేసరికి ఆ మంచితనం కాస్తా మెట్లు దిగి వెళ్లిపోతుంది. ఇందిర ఏడుస్తూ కూర్చోదు. కృష్ణమూర్తిని చేసుకుంటుంది, అతని లోపాలన్నీ తెలిసే చేసుకుంటుంది. నాకు తెలిసిన చాలామంది ఉద్యోగం చేసే ఆడవాళ్లు అలాగే పెళ్లి చేసుకున్నారు, పైకి చెప్పరు. ఈ నవల ఆధారంగా 1963లో చదువుకున్న అమ్మాయిలు అని సినిమా వచ్చింది. సినిమా సరదాగా ఉంటుంది, కాదనను. ఇందిర కావాలంటే మాత్రం పుస్తకం తెరవాల్సిందే.

కాళీపట్నం రామారావు మాస్టారి యజ్ఞం గురించి కూడా చెప్పాలనుకున్నాను, టైము చూస్తే అంత లేదు. టూకీగా చెప్తాను. అప్పల్రాముడు అనే కూలీ గోపన్న అనే వ్యాపారికి బాకీ పడ్డాడు. ఊరిపెద్ద శ్రీరాములు నాయుడు ధర్మాత్ముడు, పంచాయితీ పెట్టాడు. అందరూ న్యాయంగానే మాట్లాడతారు, అదే ఆ కథలో భయంకరం. అప్పు నిజం, వడ్డీ నిజం, తీర్చాల్సిందే, కాదనడానికి ఎవరి దగ్గరా మాట లేదు. మరి ఇంత కష్టపడే కుటుంబం ఇంత అప్పులో ఎలా కూరుకుపోయింది? దానికి పంచాయితీ దగ్గర సమాధానం లేదు. చివర్లో అప్పల్రాముడి కొడుకు ఏం చేస్తాడో రేడియోలో చెప్పను, ఇంట్లో పిల్లలు వింటుంటారు. ఆ కథ చదివాక మా బ్యాంకులో బాకీ నోటీసులు పంపే పని నా దగ్గరికొస్తే ప్రతి నోటీసు మీదా పేరు, ఊరు పూర్తిగా చదివి గానీ పక్కన పెట్టలేకపోయేదాన్ని. అంతకుముందు ఖాతా నంబరు చూసి పంపేసేదాన్ని. దానివల్ల బాకీదారుకేం ఒరిగింది అంటే ఏమీ ఒరగలేదు. పని మాత్రం ఆలస్యమయ్యేది.

ఇవన్నీ నేను కొన్న పుస్తకాలు కావు. చాలా మటుకు మా ఊరి శాఖా గ్రంథాలయంలోవే, కొన్నిటికి అట్టలు లేవు, కొన్నిటిలో నాకంటే ముందు చదివిన ఎవరో పెన్సిల్‌తో "ఛీ", "శభాష్" అని రాసి పెట్టారు. ఇప్పుడు డబ్బు గురించే మాట్లాడుతున్నాం కాబట్టి మీతో ఒక్క పని చేయిద్దామనుకుంటున్నాను. మీ ఇంటి పన్ను రసీదు బయటికి తీసి చూడండి. ఆంధ్రలో ఉన్నా, తెలంగాణలో ఉన్నా, ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను అని వసూలు చేస్తారు, రూపాయికి 8 పైసలు. 1960లో వచ్చిన చట్టం అది. వెయ్యి రూపాయల పన్ను మీద 80 రూపాయలు లైబ్రరీ కోసం మీరు కట్టేశారన్నమాట, ఏటా కడుతున్నారు. సొంతిల్లు లేదు, అద్దెకుంటున్నాం అంటారేమో, మీ ఇంటి ఓనరు ఆ డబ్బు తన జేబులోంచి పెట్టుకుంటాడని మీరు నమ్ముతున్నారా?

కాబట్టి వెళ్లి కార్డు తీసుకోండి. అడ్రసు రుజువుకి ఓ కాగితం పట్టుకెళ్లండి, చిన్న డిపాజిట్ కట్టించుకుంటారు, దానికి రసీదు అడిగి తీసుకోండి, జాగ్రత్తగా దాచుకోండి, కార్డు వద్దనుకున్న రోజు ఆ డిపాజిట్ వెనక్కి అడగొచ్చు. మీక్కావాల్సిన పుస్తకం బీరువాలో కనిపించకపోతే ఊరుకోకండి, లైబ్రేరియన్‌ని అడగండి, అడిగేవాళ్లు లేక కొన్ని పుస్తకాలు వెనక వరసలోనే ఉండిపోతాయి. మా ఊళ్లో అయితే పొద్దున్న ఎనిమిదికి తీసి పదకొండుకి మూసేస్తారు, మళ్లీ సాయంత్రం నాలుగుకి తీస్తారు. మీ ఊళ్లో టైమింగ్స్ ఓసారి కనుక్కుని బయల్దేరండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు. నమస్కారం.