సామాన్లు కట్టే ముందు పౌరసత్వం

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకి, ఇంత ఎండలో ద్వారకానగర్ దాకా వచ్చి పౌర గ్రంథాలయం మెట్లెక్కిన మీ అందరికీ నమస్కారం. నా గురించి ఇందాక చెప్పినవాటిలో ఎల్.ఐ.సి.లో పనిచేసి రిటైరయ్యానన్నది నిజం. మిగతావి శాలువా కప్పేటప్పుడు ఎవరికైనా చెప్పేవే. అయినా వినడానికి బాగున్నాయి, థాంక్సండీ.

నాకిచ్చిన విషయం ‘ప్రవాస జీవితం - కుటుంబ విలువలు’. విలువల గురించి నాకు ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నేను కాగితాల గురించి చెబుతాను. ఇరవై నిమిషాలిచ్చారు. మధ్యలో గంట కొట్టకండి, నేనే ఆపేస్తాను.

మన విశాఖలో, ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో, లాసన్స్ బేలో పిల్లలు అమెరికాలో లేని ఇల్లు వెతుక్కోవాలి. ఇప్పుడు వాళ్ళలో కొందరు తిరిగొచ్చేస్తామంటున్నారు. రుషికొండలో ఆఫీసు దొరికిందనో, ఇంటి నుంచే పని అనో, అమ్మానాన్నల ఆరోగ్యమనో. రావాలి, తప్పకుండా రావాలి. కానీ ఆ ఇంట్లో అందరి కాగితాలూ ఒకటి కావు. అబ్బాయి అమెరికా పౌరుడు, పిల్లలు అక్కడే పుట్టారు కాబట్టి వాళ్ళూ పౌరులే. కోడలికో, వెంట తీసుకెళ్ళిన తల్లికో గ్రీన్ కార్డు మాత్రమే ఉంటుంది. ఆ ఒక్కరి గురించే నేనివాళ మైకు పట్టుకున్నది. ఆ ఒక్కరికి పౌరసత్వం వచ్చాకే విమానం ఎక్కండి. ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు.

ఎందుకంటే గ్రీన్ కార్డు అక్కడ స్థిరంగా ఉండటానికిచ్చిన అనుమతి. కార్డు మీద పదేళ్ళ తేదీ ఉంటుంది, దాన్ని చూసి మోసపోతాం. ఆ తేదీ ప్లాస్టిక్ ముక్కది. మనిషి అక్కడ కాపురం మానేస్తే, తేదీ ఎంత దూరంలో ఉన్నా హక్కు పోయినట్టే లెక్క. ఏడాది దాటి బయట ఉంటే మరీ కష్టం. రీ-ఎంట్రీ పర్మిట్ అని ఒకటుంది. రెండేళ్ళ వరకు ఇస్తారు, కానీ దానికి అక్కడ ఉండగానే దరఖాస్తు చేయాలి. విశాఖలో దిగాక గుర్తొస్తే లాభం లేదు.

ఇక మన బీచ్ రోడ్ వాకింగ్ లాయర్లున్నారు. ‘ఆరు నెలలకోసారి వెళ్ళి ముఖం చూపించి వస్తే చాలు’ అంటారు. ఎవరు చెప్పారండీ వీళ్ళకి? వెళ్ళొచ్చావా అన్నది కాదు చట్టం అడిగేది, నీ ఇల్లెక్కడ అని. దీనికి మా వదిన సంగతి చెబుతాను. ఆవిడ మూడో వరుసలోనే ఉంది. అడిగే చెబుతున్నానండీ. వదినా, తల అడ్డంగా ఊపకు, చెప్పనీ.

మా అన్నయ్య పోయాక అబ్బాయి ఆవిడను తీసుకెళ్ళాడు. కొడుకు పౌరుడైతే, ఇరవై ఒకటి నిండితే, తల్లికి గ్రీన్ కార్డు పెట్టొచ్చు. నాలుగేళ్ళ పైచిలుకు అక్కడే ఉంది. మామూలుగా పౌరసత్వానికి గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్ళు కావాలి. అందులో కనీసం ముప్పై నెలలు ఒంటితో అక్కడ ఉండాలి. దరఖాస్తు తొంభై రోజుల ముందే పెట్టుకోవచ్చు. అంటే ఇంకొద్ది నెలలు ఆగితే, దాని పేరేంటి, ఎన్-400 దరఖాస్తు, అది పంపేవాళ్ళే. కానీ వీడికి ఇక్కడ పని కుదిరింది, జూన్‌లో పిల్లల స్కూళ్ళు తెరుస్తారు. ‘అమ్మా, నీ కార్డుకి ఇంకా అయిదేళ్ళుంది, తర్వాత చూద్దాం’ అన్నాడు. నేను అప్పుడే అరిచాను. ‘అత్తా, నీకన్నీ టెన్షనే’ అన్నాడు.

వచ్చేశారు. వాకింగ్ లాయర్లు చెప్పినట్టే ఆవిడ ఆరు నెలలకోసారి వెళ్ళడం, మా మేనకోడలింట్లో రెండు మూడు వారాలుండి రావడం. టికెట్టు ఖర్చు అటుంచండి, అరవై దాటిన మనిషి ఆ ప్రయాణం కేవలం కార్డు కోసం చేసింది. ఒకసారి ఎయిర్‌పోర్టులో మందలించి వదిలేశారు. ఆ తర్వాత ఇక్కడ మోకాలి ఆపరేషన్ అయింది, తొమ్మిది నెలలు దాటిపోయింది. ఈసారి దిగగానే పక్క గదిలో కూర్చోబెట్టారు. ఏ ఊరి ఎయిర్‌పోర్టో చెప్పను, అనవసరం. ఫోన్లో ఎవరో తెలుగాయన్ని పెట్టి అడిగారట.

‘మీ ఇల్లెక్కడ?’
‘సీతమ్మధారలో. సొంతిల్లే బాబూ.’
‘ఇక్కడ మీవాళ్ళెవరున్నారు?’
‘అబ్బాయి, కోడలు, పిల్లలు అందరూ వైజాగ్‌లోనే ఉన్నారు.’
‘మరి ఎందుకొచ్చారు?’
‘కార్డు పోకుండా ఉండాలని.’

నవ్వకండి. మీరు నవ్వుతారని నాకు తెలుసు, ఇంట్లో మేమూ నవ్వాం తర్వాత. ఒక్క అబద్ధం ఆడలేదావిడ. అడిగినదానికి అడిగినట్టు చెప్పింది. వాళ్ళు అది అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. రాసుకుని ఒక కాగితం ముందు పెట్టారు. దాని పేరు ఐ-407. ‘నా ఇష్టంతో నా శాశ్వత నివాసాన్ని వదులుకుంటున్నాను’ అని దాని అర్థం. పన్నెండు గంటలు కూర్చుని వచ్చిన మనిషి, కాలికి ఆపరేషన్ అయిన మనిషి, సంచిలో ఆవకాయ సీసా ఒలికిందేమోనని భయపడుతున్న మనిషి. ‘ఎక్కడ పెట్టమంటారు?’ అని అడిగి, ఎప్పుడూ చేసేట్టు తెలుగులో సంతకం చేసేసింది. ఆ ఒక్కసారికి విజిటర్‌గా లోపలికి రానిచ్చారు.

నా కోపమంతా ఇక్కడేనండీ. ఆ కాగితం మీద సంతకం పెట్టి తీరాలని లేదు. అది స్వచ్ఛందం. ‘నేను పెట్టను, జడ్జి ముందు చెప్పుకుంటాను’ అనే హక్కు గ్రీన్ కార్డు ఉన్న ప్రతి మనిషికీ ఉంది. కార్డు పోయిందో లేదో తేల్చాల్సింది ఇమ్మిగ్రేషన్ జడ్జి. ఇది కొడుకు చెప్పలేదు, మేనకోడలు చెప్పలేదు. ఇక్కడ కన్సల్టెన్సీ అని బోర్డు పెట్టుకుని వేలకు వేలు తీసుకున్న పెద్దమనిషీ చెప్పలేదు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఈ రాత్రే చెప్పండి. ఐ-407. నాలుగు వందల ఏడు. చదవకుండా సంతకం పెట్టొద్దని. ఒక కాగితం మీద తెలుగులో రాసి పాస్‌పోర్టులో పెట్టండి.

అయితే, నిజం చెప్పాలంటే, జడ్జి దగ్గరికి వెళ్ళినా ఏమయ్యేదో. ఆవిడ ఇల్లు నిజంగానే ఇక్కడ. కొడుకు కాపురం ఇక్కడ. గ్రీన్ కార్డుతో ఆ మాట చెప్తే హక్కు పోతుంది. అమెరికా పాస్‌పోర్టు చేతిలో ఉన్న మనిషి అదే మాట దర్జాగా చెప్పొచ్చు. ‘మా ఇల్లు సీతమ్మధారలో, చుట్టాల్ని చూసి పోదామని వచ్చాను’ అంటే ‘వెల్‌కమ్ హోమ్’ అంటారు. తేడా అంతా అదే.

ఇప్పుడేమైంది? మనవరాలి కాలేజీ కోసమని వాళ్ళంతా మళ్ళీ వెళ్ళిపోయారు. వదిన ఇక్కడ ఒక్కతే. మళ్ళీ ఐ-130, అంటే తల్లి కోసం కొడుకు పెట్టే దరఖాస్తు, అక్కడి నుంచి మొదలు. మళ్ళీ మెడికల్, పోలీసు సర్టిఫికెట్, ముంబై ఇంటర్వ్యూ. మన పక్కనే హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా ఇమ్మిగ్రెంట్ వీసాలకి ముంబైకే పోవాలి. అది వచ్చి వెళ్ళాక అయిదేళ్ళ లెక్క మళ్ళీ సున్నా నుంచి. ఆవిడకిప్పుడు అరవై తొమ్మిది.

నాకెందుకింత పట్టుదల అని మీకనిపించొచ్చు. మాది బర్మా కుటుంబమండీ. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో పెరిగాను. మా తాత రంగం, అంటే రంగూన్, వెళ్ళేనాటికి అది వేరే దేశం కాదు. ఇక్కడ ఓడెక్కి అక్కడ దిగితే ఒకే సర్కారు. 1937 ఏప్రిల్ 1న బర్మాను విడదీశారు, బియ్యం మిల్లులో మూటలు మోస్తున్న తాత మోస్తుండగానే పరాయివాడయ్యాడు. 1948లో స్వతంత్రం వచ్చి పౌరసత్వ చట్టాలు చేశారు. దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. మావాళ్ళు పెట్టలేదు. ‘నలభై ఏళ్ళుగా ఉంటున్నాం, మనల్ని ఎవడు పొమ్మంటాడు’ అన్నారట. విదేశీయులకిచ్చే రిజిస్ట్రేషన్ పుస్తకం తీసుకుని ఏటేటా రెన్యూవల్ చేయించుకుంటూ ఉండిపోయారు. 1962లో సైన్యాధిపతి నే విన్ అధికారం లాక్కున్నాడు. 1964లో కొట్లు జాతీయం చేశారు, ఆ మేలో యాభై, వంద చాట్ నోట్లు చెల్లవన్నారు. లక్షల మంది మనవాళ్ళు తట్టాబుట్టా సర్దుకున్నారు. అప్పటికి నేను చంకలో పిల్లని. విశాఖ రేవులో దిగాక మా అమ్మ ఆ రిజిస్ట్రేషన్ పుస్తకాలు పారేయలేదు. ట్రంకుపెట్టెలో నాఫ్తలీన్ ఉండల మధ్య, కాగితం పసుపెక్కి, మడత దగ్గర చిరిగి, ఇప్పటికీ ఉన్నాయి. ఎందుకూ పనికిరావు.

సరే, వదిలేద్దాం. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. రెండు నిమిషాలు.

కోడళ్ళ విషయం. భర్త పౌరుడై, ఇద్దరూ కలిసి కాపురం చేస్తుంటే అయిదేళ్ళు అక్కర్లేదు, మూడేళ్ళు చాలు. ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. పౌరుడైన భర్తను అమెరికన్ కంపెనీయే ఏడాదికి తక్కువ కాకుండా విదేశంలో పనికి పంపిస్తుంటే, ఆ భార్యకి మూడేళ్ళ గడువు కూడా లేకుండా పౌరసత్వం ఇచ్చే వీలు చట్టంలో ఉంది. 319(బి) సెక్షన్. ఆ ఉద్యోగం అయిపోయాక అమెరికాకే తిరిగొస్తామని చెప్పాలి. అందరికీ వర్తించదు, కంపెనీ ఎలాంటిదో చూస్తారు. మంచి లాయర్ని అడగండి, వాకింగ్ లాయర్ని కాదు.

దరఖాస్తు పంపేశాం కదా అని వచ్చేయకండి. వేలిముద్రలు, ఇంటర్వ్యూ, చివర ప్రమాణం, అన్నీ అక్కడే. ప్రమాణం చేసేదాకా పౌరులు కారు. లగ్నం పెట్టుకుంటే పెళ్ళయినట్టు కాదు కదా. ఇంగ్లీషంటే పెద్దవాళ్ళకి భయం. వదిన కూడా అందుకే కొడుకు ‘తర్వాత’ అంటే లోపల సంతోషించింది. కదా వదినా? ఇంటర్వ్యూలో మూడు ఇంగ్లీషు వాక్యాలిస్తే ఒకటి సరిగ్గా చదవాలి, మూడింటిలో ఒకటి రాయాలి. దాంతోపాటు వాళ్ళ చరిత్ర, ప్రభుత్వం మీద నోటి ప్రశ్నలు. యాభై అయిదేళ్ళు నిండి, గ్రీన్ కార్డు మీద పదిహేనేళ్ళు ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు మినహాయింపు ఉంది, ప్రశ్నలు తెలుగులోనే చెప్పొచ్చు. కొత్తగా వెళ్ళినవాళ్ళకి అది వర్తించదు, నేర్చుకోవాల్సిందే. మన బామ్మలు విష్ణు సహస్రనామం కంఠతా పట్టినవాళ్ళు, ఇదో లెక్కా.

ఇక పోయేవీ చెప్పాలి. అటు పౌరసత్వం తీసుకున్న రోజే మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ కింద ఇక్కడిది పోతుంది. రెండూ ఉంచుకోవడం మన దగ్గర లేదు. ఓటు ఉండదు. విదేశీ పౌరులైన మనవాళ్ళకి మన ప్రభుత్వమిచ్చే ఓ.సి.ఐ. కార్డుతో ఎన్నాళ్ళయినా ఇక్కడ ఉండొచ్చు, ఫ్లాట్ కొనుక్కోవచ్చు, కానీ సాగు భూమి కొనలేరు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అనకాపల్లి వైపు మామిడితోట కొందామనుకునేవాళ్ళు అది ముందే ఆలోచించుకోండి. ఎక్కడున్నా ఆదాయం లెక్క ఆ దేశానికి చెప్పాలి, మన బ్యాంకు ఖాతాలన్నీ కలిపి పదివేల డాలర్లు దాటితే అదీ చెప్పాలి. మనసు ఒప్పకపోతే మానేయండి, భారత పాస్‌పోర్టుతో హాయిగా ఇక్కడే ఉండండి. అదీ గౌరవమైన నిర్ణయమే. ఆలోచించి మానేస్తే నాకు బాధ లేదు. ‘తర్వాత చూద్దాం’ అని మానేస్తేనే నా బాధ.

ప్రమాణం అయ్యాక అమెరికా పాస్‌పోర్టు, తర్వాత మన పాస్‌పోర్టు సరెండర్, తర్వాత ఓ.సి.ఐ. ఈ వరుసలో కొంత టైమ్ పడుతుంది. పాత మన పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయడం నేరం. కాబట్టి ఓ.సి.ఐ. గానీ వీసా గానీ చేతికొచ్చాకే టికెట్టు.

గంట కొట్టేశారు, ఆపేస్తున్నాను. ఈ వేసవిలో పిల్లలు వచ్చేస్తున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. అమ్మో. సరే, మీరంతా టీకి వెళ్ళకుండా ఈ పక్కకి రండి. ఇంట్లో ఎవరికి ఏ పాస్‌పోర్టు ఉందో, గ్రీన్ కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అని ఏ తేదీ ఉందో ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడిప్పుడు ఇంకా తెల్లారి ఉండదు, నిద్ర లేపండి, ఫరవాలేదు.