లండన్ నుంచి న్యూయార్క్‌కి ఎనిమిది గంటలు, తిరిగి రావడానికి ఏడేనా?

నమస్కారం అండీ. ముందు ఒక చిన్న లెక్క. లండన్ నుంచి న్యూయార్క్‌కి సుమారు 5,550 కిలోమీటర్లు. పెద్ద జెట్ విమానం పైకి చేరాక గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది అనుకుందాం. భాగిస్తే ఆరు గంటల పది నిమిషాలు. కానీ టికెట్ మీద దాదాపు ఎనిమిది గంటలు ఉంటుంది. తిరుగు ప్రయాణానికేమో ఏడు. అదే విమానం, అవే ఊళ్లు. మరి తేడా ఎక్కడిది?

దూరం సంగతి తేలికే. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకోండి. అది ఐర్లండ్ మీదుగా వెళ్లి, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ వైపు నుంచి దిగుతుంది. అదే అన్నిటికన్నా దగ్గరి దారి. ఆన్‌లైన్‌లో కనిపించే కిలోమీటర్లు ఆ దారం పొడవే.

అసలు కథంతా గాలిది. విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే నేలకు పది కిలోమీటర్ల పైన, పడమటి నుంచి తూర్పుకు ఒక గాలి నదిలా పారుతుంటుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. న్యూయార్క్ వెళ్లే విమానానికి అది ఏటికి ఎదురీత. ఎదురుగాలి వంద ఉంటే, 900 వేగం కాస్తా నేల మీది లెక్కలో 800 అవుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి నెట్టి వెయ్యి చేస్తుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి అందుకుని ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది!

ఈ గాలిని 1920ల్లోనే బెలూన్లు వదిలి కొలిచిన మనిషి ఒకరున్నారు. జపాన్ శాస్త్రవేత్త ఓయిషి వాసాబురో. ప్రపంచమంతా చదవాలని ఆ ఫలితాలను ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన భాషలో, అచ్చు వేశారు. బయటి దేశాల్లో పట్టించుకున్నవాళ్లు బహు తక్కువ. అది తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక టికెట్ మీద ఉండేది గాల్లో ఎగిరే సమయం ఒక్కటే కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా అంతా కలిపి వేస్తారు. రన్‌వే కోసం వరుసలో నిలబడే అరగంట కూడా అందులోదే.

ఒక్కోసారి దారే మూసుకుపోతుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ నుంచి టోక్యోకి ఒకప్పుడు రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లేవారు. 2022లో ఐరోపా విమానాలకు రష్యా గగనతలం మూతపడ్డాక చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది, దాదాపు పదమూడు గంటలు. గ్లోబు మీది దారం మాత్రం అంతే ఉంది.

చివరగా గడియారాల తిరకాసు. న్యూయార్క్‌లో రాత్రి 8కి ఎక్కితే లండన్‌లో పొద్దున 8కి దిగుతారు. తీసివేస్తే పన్నెండు గంటలు వస్తుంది. కానీ రెండు ఊళ్ల గడియారాలకు ఐదు గంటల తేడా ఉంది కాబట్టి, ప్రయాణం ఏడు గంటలే. అందులో భోజనం పెట్టి, లైట్లు ఆర్పి, మళ్లీ టిఫినుకి లేపేస్తారు. నిద్రకు నాలుగు గంటలు దొరికితే గొప్ప. దయచేసి ఆ పొద్దున ఇంటర్వ్యూలు, మీటింగులు పెట్టుకోకండి.