వాడు కాలేజీకి వెళ్ళిపోయాడు, చేపలు నాకు మిగిలాయి | టెక్సాస్ తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ వంట లేదు, షాపింగ్ లేదు, అన్నీ చేపల కబుర్లే. మా పెద్దాడు ఆగస్టులో ఆస్టిన్ వెళ్ళిపోయాక మా ఇంటికి ఎవరొచ్చినా హాల్లో ఈ ట్యాంక్ దగ్గర ఆగిపోయి "ఇంకా ఉందా ఇది? ఎవరు చూస్తున్నారు?" అని అడుగుతున్నారు. నేనే చూస్తున్నానండీ. అంటే నేనూ, మా నాన్నగారూ. మా ఆయన మాత్రం కరెంటు బిల్లు చూస్తున్నారు.

రండి, ముందు ట్యాంక్ చూపిస్తాను. ఇది 40 గ్యాలన్లది, పొడవు 36 అంగుళాలు. లోపలున్న నీళ్ళ బరువే దాదాపు 150 కేజీలు, ఆపైన ఇసుక, రాళ్ళు, గాజు బరువు. "వాడితో పాటు పంపించేయొచ్చుగా" అనేవాళ్ళకి నా జవాబు ఇదే. పైగా ఇక్కడ చాలా యూనివర్సిటీల డార్మ్‌లలో చేపలు తప్ప వేరే పెంపుడు జంతువుల్ని ఉంచుకోనివ్వరు. ఆ చేపలకైనా ఎక్కువ చోట్ల 10 గ్యాలన్ల ట్యాంకే హద్దు. ఇద్దరు పిల్లలు, రెండు మంచాలు, రెండు డెస్కులు, ఒక మినీ ఫ్రిజ్ ఉన్న గదిలో ఆ 10 గ్యాలన్లది మాత్రం ఎక్కడ పెడతారు చెప్పండి?

మరి అమ్మేసి ఉండొచ్చు కదా అంటారా? వాడు ఎనిమిదో క్లాసులో ఉండగా, 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చి టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, గుర్తుందా? మా ఫ్రిస్కోలోనూ పోయింది. మేమంతా స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటే వీడు నా బొంతలన్నీ తీసుకెళ్ళి ట్యాంకుకి చుట్టాడు. గ్యాస్ స్టవ్ అగ్గిపుల్లతో వెలిగించుకుని, నీళ్ళు కాచి, సీసాల్లో పోసి, మూత బిగించి ట్యాంకులో తేలేసేవాడు. చల్లారగానే మళ్ళీ కాచడం. 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండాల్సిన నీళ్ళు 60లలోకి దిగిపోయాయి. కొన్ని నియాన్ టెట్రాలు పోయాయి, మిగతావి నిలబడ్డాయి. ఇదిగో, ట్యాంక్ వెనకాల తగిలించి ఉన్న ఈ చిన్న బ్యాటరీ పంపు అప్పుడు కొన్నదే. కరెంటు పోతే దానంతటదే ఆన్ అయి గాలి బుడగలు వదులుతుంది. అంత పాటుపడ్డ పిల్లాడికి "కాలేజీకి వెళ్తున్నావుగా, అమ్మేసెయ్" అని చెప్పడానికి నాకు నోరు రాలేదండీ.

అలాగని వాడు చేసే పనులన్నీ నేను చేయలేను. నాకు ఆఫీసుంది, చిన్నదాని కూచిపూడి క్లాసులున్నాయి. అందుకే హైస్కూల్ గ్రాడ్యుయేషన్ అయిపోగానే వాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. "ఒరేయ్ కన్నా, ట్యాంక్ ఎక్కడికీ పోదు. కానీ వారానికి అరగంట మించి పని ఉంటే నా వల్ల కాదు. ఆ అరగంటలో సరిపోయేలా నువ్వే మార్చి వెళ్ళు." కొన్నాళ్ళు ముఖం ముడుచుకుని తిరిగాడు. తర్వాత నోట్‌బుక్ తీసి కొట్టివేతలు మొదలుపెట్టాడు. చాలా ఇళ్ళల్లో దీనికి రివర్స్‌లో జరగడం చూశాను. పిల్లాడు వెళ్ళే ముందు రోజు అమ్మకి మూడు పేజీల జాబితా చేతిలో పెట్టి కారెక్కుతాడు, దసరా వచ్చేసరికి ట్యాంక్ గరాజ్‌లో ఉంటుంది.

మొదట కొట్టేసింది ఏంజెల్ ఫిష్ జంటని. అవి ఊరికే ఉండవు, గుడ్లు పెడుతూనే ఉంటాయి. పిల్లలు ఈదడం మొదలెట్టాక వాటికి అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే, ఉప్పునీటిలో పెరిగే బుల్లి రొయ్యల్లాంటి జీవుల్ని పెట్టాలి. అంటే ఉప్పునీటి సీసాలో గుడ్లు వేసి, గాలి పంపు పెట్టి, ఒక రోజంతా ఆగి, వడగట్టి, రోజుకి రెండు మూడు సార్లు వేయడం. నాన్నగారు జులైలో వచ్చినప్పుడు ఆ డబ్బా చూసి ఒకటే నవ్వు. మాది కైకలూరు దగ్గర, కొల్లేరు పక్కన. ఆయన ముప్పై ఏళ్ళు చేపల చెరువులు చేసిన మనిషి, రొయ్యల హేచరీలతోనూ పరిచయం ఉంది. "ఓర్నీ, మన హేచరీల్లో రొయ్య పిల్లలకి వేసేది ఇదే కదరా!" అన్నారు. ప్రపంచంలో హేచరీలకి వెళ్ళే ఆర్టీమియా గుడ్లలో పెద్ద భాగం ఇక్కడి యూటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్ నుంచే వెళ్తుంది మరి. తాతామనవళ్ళిద్దరూ ఆ సాయంత్రమంతా దాని మీదే మాట్లాడుకున్నారు. ఏంజెల్స్‌ని మాత్రం పక్క ఊళ్ళో ఉన్న ఇంకో చేపల పిచ్చి కుర్రాడికి ఇచ్చేశాం.

తర్వాత మొక్కలు. ఇంతకుముందు ఇక్కడ ఎర్రెర్రటి మొక్కలు ఉండేవి, చాలా అందంగా ఉండేవి లెండి. వాటికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, గట్టి లైటు, వారం వారం కత్తిరింపు. ఇప్పుడు ఈ కొయ్యకి కట్టి ఉన్నవి చూడండి. మందమైన ఆకులది అనూబియాస్, సన్నగా పొడుగ్గా ఉన్నది జావా ఫెర్న్. ఇసుకలో పాతక్కర్లేదు, లైటు తక్కువైనా బతుకుతాయి, పెరగడం కూడా నిదానమే. లైటుకి టైమర్ పెట్టాడు, రోజుకి ఏడు గంటలు వెలుగుతుంది. అంతకన్నా ఎక్కువైతే గాజుకి పాచి పడుతుంది.

ఇక తిండి. ట్యాంక్ ఇంట్లోవాళ్ళకి అప్పజెప్పినప్పుడు చేపలు పోయేది ఎక్కువగా ఆకలితో కాదండీ, ప్రేమతో. మా అమ్మకి గుడి కోనేట్లో చేపలకి మరమరాలు వేసి అలవాటు. ఇక్కడా అంతే, ట్యాంక్ ముందు నించుంటే చేపలన్నీ గాజు దగ్గరికి వచ్చేస్తాయి, "అయ్యో, పాపం ఆకలేస్తోంది కాబోలు" అంటుంది. మనిషి కనిపిస్తే తిండి వస్తుందని వాటికి తెలుసు, అంతే. తినగా మిగిలింది కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది, అది చేపలకి విషం. దానికి మా వాడి ఉపాయం ఇదిగో. మనం బీపీ మాత్రలు పెట్టుకునే వారం డబ్బా. ఒక్కో గదిలో ఒక్కో రోజు తిండి. గది ఖాళీగా ఉందంటే ఇవాళ ఎవరో వేసేశారని అర్థం. శనివారం గది ఎప్పుడూ ఖాళీయే, వారానికి ఒకరోజు పస్తు ఉంటే చేపలకి మంచిదేనట. "శనివారం నాతో పాటు వీటికీ ఉపవాసమే" అని నాన్నగారు తెగ సంబరపడ్డారు. అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

నీళ్ళు మార్చడం ఆదివారం పొద్దున. నాలుగో వంతు తీసేస్తాను, అంటే 10 గ్యాలన్లు. పైపు కిచెన్ సింక్‌కి తగిలిస్తే బకెట్లు మోసే పని లేదు. కొత్త నీళ్ళు పట్టే ముందు ఈ సీచెమ్ ప్రైమ్ అనే, క్లోరిన్‌ని విరిచే మందు పోస్తాను. 50 గ్యాలన్లకి 5 ఎంఎల్ అని లెక్క. కుళాయి నీళ్ళు నేరుగా ట్యాంకులోకే పడతాయి కాబట్టి మారుస్తున్న నీళ్ళకి మాత్రమే కాకుండా మొత్తం ట్యాంకుకీ లెక్కేసి పోయాలి, మాకు 4 ఎంఎల్. "ఎందుకమ్మా ఈ మందు, ఒక రాత్రి బకెట్లో పట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది కదా" అని నాన్నగారు అడిగారు. క్లోరిన్ అయితే పోతుంది. మాకు నీళ్ళిచ్చే నార్త్ టెక్సాస్ మున్సిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ వాళ్ళు క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి క్లోరమైన్ చేస్తారు, అది రాత్రంతా ఉంచినా పోదు. పైగా ఏటా మార్చి నెలలో 28 రోజుల పాటు అమ్మోనియా ఆపేసి వట్టి క్లోరిన్ వేస్తారు, పైపుల శుభ్రత కోసం. ఈ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఆ రోజుల్లో షవర్‌లో స్విమ్మింగ్ పూల్ వాసన వస్తుంది కదా, అదే ఇది.

ఫిల్టర్ గురించి ఒక్కటే చెప్తాను, మిగతాదంతా యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఈ స్పాంజిని కుళాయి కింద పెట్టి తోమకండి. గోధుమ రంగులో మురికిలా కనిపించే ఈ పొరలోనే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉంటుంది. కుళాయి నీళ్ళు తగిలితే దానికి దెబ్బ. ట్యాంక్ లోంచి తీసిన నీళ్ళలోనే రెండు పిండులు పిండి మళ్ళీ పెట్టేయడమే. ఇంకో సంగతి, నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ ఫిల్టర్ లోంచి పడే నీళ్ళ చప్పుడు పెరుగుతుంది. ఇప్పుడు వినండి... చిన్నగా ఉంది కదా? ఇది సోఫాలోకి వినిపించిందంటే నేను ఒక జగ్గు నీళ్ళు పట్టాల్సిందే.

నాన్నగారి డ్యూటీ తెల్లవారుజామునే. జెట్ లాగ్ పోయి ఎన్నాళ్ళో అయినా ఆయనకి నాలుగింటికి మెలకువ వస్తుంది. చెరువుల మీద అలవాటు అది. రాత్రంతా నీళ్ళలోని నాచూ మొక్కలూ కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి కాబట్టి తెల్లవారేముందే అది బాగా తగ్గుతుందట. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే గట్టు మీద ఉన్నవాడికి అది చాలు, వెంటనే ఏరియేటర్లు వేయాలి, ఆ పూట మేత ఆపాలి. శీలావతికీ, బొచ్చెకీ చూసినట్టే ఇక్కడ అంగుళం లేని టెట్రాలకీ చూస్తారు. చూసి మనవడికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు, "అన్నీ కిందే ఉన్నాయి నాన్నా, పడుకో." వాడు అప్పుడే అసైన్‌మెంట్ పూర్తి చేసి పడుకోబోతుంటాడు. నేను ఫోన్ చేస్తే "తర్వాత చేస్తానమ్మా" అంటాడు, తాతయ్య మెసేజ్‌కి మాత్రం హార్ట్ పెడతాడు.

వాడికి డార్మ్‌లో ఒక బెట్టా పెట్టుకోవాలని ఉంది, అదే మన ఫైటర్ ఫిష్. మొదటి సెమిస్టర్ వద్దన్నాను. తిట్టుకున్నా సరే, ఇప్పటికీ నా మాట మీదే ఉన్నాను. కొత్త ఊరు, కొత్త స్నేహాలు, మిడ్‌టర్మ్‌లు, వీటి మధ్య కొత్త ట్యాంక్ కూడానా? కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. జనవరి నుంచి ఒప్పుకున్నాను. దానికి తయారీ ఇక్కడే జరుగుతోంది. ఈ మూల నల్లగా కనిపిస్తున్న స్పాంజి ఫిల్టర్ ఈ ట్యాంకుది కాదు. థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు వాడే పెట్టి వెళ్ళాడు. జనవరి దాకా ఇది ఇక్కడే తిరిగి బ్యాక్టీరియా పట్టించుకుంటుంది. అప్పుడు తడి ఆరకుండా ఇదే నీళ్ళలో మునిగేలా డబ్బాలో పెట్టుకుని, ఐ-35 మీద నాలుగు గంటలు నడుపుకుంటూ వెళ్ళి అక్కడ 5 గ్యాలన్ల ట్యాంకులో పెట్టేస్తాడు. నెల రోజుల ఆలస్యం చాలావరకు తప్పుతుంది. రూమ్మేట్‌కి అభ్యంతరం లేదట. పేరు కూడా ఆ అబ్బాయే పెడతానన్నాడట.

ఇప్పుడు అసలు టెన్షన్. ఈ నెలలో అమ్మానాన్నల్ని దింపడానికి అందరం కలిసి ఇండియా వెళ్తున్నాం, మూడు వారాలు. మా వీధిలోనే ఉండే ఆరో క్లాసు పాప వచ్చి చూస్తానంది. ఆటోమేటిక్ ఫీడర్ ఉంది కానీ ట్యాంక్ మీద ఉండే తేమకి తిండి ముద్దకట్టి ఒక్కోసారి రాదు, ఒక్కోసారి అంతా ఒకేసారి పడుతుంది. దానికన్నా పాపే నయం. రోజు మార్చి రోజు వేసేలా పొట్లాలు కట్టి, మీద తేదీలు రాస్తున్నాను. బయల్దేరే ముందు నీళ్ళు మారుస్తాను, ఫిల్టర్ జోలికి వెళ్ళను. పాప చేయాల్సినవి మూడే: పొట్లం వేయడం, చప్పుడు పెరిగితే నేను మందు కలిపి క్యాన్‌లో పెట్టిన నీళ్ళు పోయడం, చేపలు పైకొస్తే నాకు వీడియో కాల్ చేయడం. అసలు తిండి డబ్బాని మాత్రం మేడ మీద బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను. పాప వాళ్ళమ్మగారు కూడా మా అమ్మ లాగే చాలా మంచావిడ.

సరేనండీ, నచ్చితే లైక్ చేయండి, వచ్చే వ్లాగ్ ఇండియా ప్యాకింగ్. మా నాన్నగారి సూట్‌కేస్‌లో మనవడు పెట్టిన అమ్మోనియా టెస్ట్ కిట్లు ఉన్నాయి, చెరువుల మీద స్నేహితులకట. కస్టమ్స్‌లో అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడే ప్రాక్టీస్ చేస్తున్నారు.