కొంగు ముడిలో గోలీలు

శ్రోతలకు నమస్కారం. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న అమ్మకో నాన్నకో రోజూ మందులు వేయడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

మాది సికింద్రాబాద్, సీతాఫల్‌మండి. మా అమ్మకు 78 ఏళ్లు. పొద్దున మూడు గోలీలు, రాత్రి ఒకటి. అప్పట్లో చేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, ఆఫీసు టెన్షన్‌లో బ్యాగు సర్దుకునేవాణ్ని. "ఏసుకున్నవా అమ్మా?" అంటే "ఆఁ, ఏసుకున్న" అనేది.

ఒక ఆదివారం ఆమె చీర నానబెడుతుంటే కొంగు చివర ముడి కనిపించింది. విప్పితే ఐదు గోలీలు. తెల్లవి రెండు చెమటకు మెత్తబడి అతుక్కుపోయాయి. గులాబీ రంగుది చీరకు మరక పెట్టింది. అరిచాను. గట్టిగానే అరిచాను. అమ్మ కొంగు లాక్కుని, "కూరగాయలామెకు ఇయ్యాలె బిడ్డా, చిల్లర" అంది.

ఏళ్ల తరబడి మోండా మార్కెట్‌కు పోయేటప్పుడు చిల్లర కట్టుకున్న కొంగు అది. చిన్న గుండ్రటి బిళ్ల చేతికొస్తే ఏం చేయాలో ఆ చేతికి గుర్తుంది. ఆ రోజు అరిచినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. నాకూ బీపీ గోలీ ఉంది. పక్కన కూర్చుని, "ఇద్దరం ఏసుకుందాం అమ్మా" అని ముందు నాది నేను వేసుకుంటాను. నన్ను చూసి ఆమె వేసుకుంటుంది. ఒక్కొక్కటే ఇస్తాను. మింగేదాకా లేవను. మళ్లీ చెబుతున్నాను, మింగేదాకా లేవను. వెంటనే క్యాలెండర్ మీద టిక్కు పెడతాను. పది నిమిషాలకే "నా గోలీలేవి బిడ్డా" అంటుంది మరి. టిక్కు లేకపోతే మా ఆవిడ ఇంకోసారి ఇచ్చేస్తుంది. ఒక పూట తప్పిపోయినా, తర్వాత రెండూ కలిపి ఇవ్వం.

కొందరు పొడి చేసి అన్నంలో కలిపేస్తారు. డాక్టరును అడక్కుండా ఆ పని చేయకండి. నెమ్మదిగా కరిగేలా చేసిన గోలీలుంటాయి. నలిపితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. మింగలేకపోతున్నారని చెబితే డాక్టరు వేరే దారి చూస్తారు. డిమెన్షియాకు ఇచ్చే రివాస్టిగ్మిన్ లాంటి మందు చర్మానికి అంటించే ప్యాచ్‌గానూ దొరుకుతుంది. అది 24 గంటలు పనిచేస్తుంది. కొత్తది అంటించే ముందు పాతది తీసేయాలి.

ఇప్పుడు అమ్మ కొంగులో రెండు రూపాయి బిళ్లలు నేనే కడుతున్నాను. గోలీలు మింగాక ముడి తడిమి చూసుకుంటుంది, ఉన్నాయా అని.